నేటి చేతిపనుల సేకరణమును, పనివారి పోషణమును

హైదరాబాదు నగరమున మూసీనది దక్షిణపు గట్టున సాలార్‌జంగు మ్యూజియము కలదు. మా పాఠశాల బాలబాలికలలో అనేకులు విహారయాత్రకు పోయినపుడు దానిని చూచియున్నారు. మూడవ సాలార్‌జంగు అనిపించుకొనిన మీర్ యూసుఫ్ అలీఖాను 1949వ సంవత్సరమున మరణించెను. ఆయనయు ఆయన పెద్దలును కూర్చిన వస్తుసంచయమును 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ప్రజల దర్శనార్థమై తెరచెను. అందు మేలిముసుగు ధరించిన రిబ్కా పాలరాతి విగ్రహమును చూడక వెనుకకు వచ్చువారుండరు. అది బెంజోనీ అను ఇటలీ దేశపు శిల్పి చెక్కినదని మ్యూజియమువారు చెప్పుదురు. అదే భవనమున బీదరు పనివారు నల్లని లోహముపై వెండి పొదిగి చేసిన హుక్కాకుదుళ్లును, పాన్‌దానులును ఉన్నవి. పనితనమున అవి రిబ్కాకు ఏమాత్రమును తీసిపోవు. కాని వానిని చేసినవాడెవడు? అతని యిల్లు బీదరులో ఏ వీధిని ఉండెను? ఆ వస్తువునకై అతని చేతికి వచ్చిన సొమ్మెంత? వస్తువు మిగిలినది గాని మనిషి జాడ మిగులలేదు.

ఈ లోపము ఒక్క హైదరాబాదునకే కలిగినది కాదు. మచిలీపట్టణమునుండియు, ఈ తూర్పుతీరపు ఇతర రేవులనుండియు పూర్వము ఓడలకెక్కిన అద్దకపు వస్త్రములు లండను నగరమందలి విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున నేటికిని భద్రముగ నున్నవి. వానిపై లతలును పూవులును వాడలేదు. అద్దిన చేతుల పేర్లు మాత్రము నిలువలేదు. నిర్గమకాండమున గుడారపు పనిని చేసిన బెసలేలు, అహోలీయాబు అనువారి పేర్లును, వారి తండ్రుల పేర్లును, గోత్రములును సహితము వ్రాయబడియున్నవని మా విద్యార్థులెరుగుదురు. అంతటి శ్రద్ధ తరువాతి కాలపు సంగ్రాహకులకు లేకపోయెను.

మేమిక్కడ వ్రాయదలచినది పాతవస్తువులనుగూర్చి కాదు. నేడు మన నడుమ జీవించియున్న పనివారు నేడు చేయుచున్న వస్తువులను సేకరించుటనుగూర్చియే. సేకరణమనగనే పురాతనమైనది, అరుదైనది, ధనికునకు మాత్రమే సాధ్యమైనది అని మనవారు తలంతురు. పాతవస్తువును కొనినపుడు సొమ్ము వర్తకునకు పోవును. దానిని చేసినవాడు ఎన్నడో గతించెను గనుక అతనికి మనము చేయగలిగిన మేలేమియు లేదు. క్రొత్తవస్తువును చేసినవాని చేతినుండియే కొనినపుడు ఆ సొమ్ముతో ఆ సాయంకాలమే అతని యింట పొయ్యి వెలుగును. అతని కుమారుడు ఆ పనిలో నిలుచునా, పట్టణమునకు పోయి కావలివాడగునా అనునదియు కొంతవరకు ఆ సొమ్ముపైననే ఆధారపడియున్నది. కావున నేటి చేతిపనులను కొనువాడు ఒక వస్తువును దాచుకొనువాడు మాత్రమే గాక, ఒక పనిని నిలుపుటయందును పాలుగలవాడగుచున్నాడు. సామాన్యులైన తలిదండ్రులకును ఇది సాధ్యమే.

దీనికి తెలంగాణమునందలి చేర్యాల పటములకంటె స్పష్టమైన దృష్టాంతము మాకు తోచదు. చేర్యాల సిద్దిపేట జిల్లాలోనిది. అచ్చట నకాషీవారు అను చిత్రకారుల కుటుంబములు కొలది కలవు. వీరు వ్రాయు పటము మూడడుగుల వెడల్పును, నలుబది యరువది అడుగుల పొడవును గల బట్ట. దానిని చాపవలె చుట్టియుంచి, కథకుడు పై గడినుండి క్రింది గడివరకు ఒక్కొక్కటిగ విప్పుచు, బొమ్మను కర్రతో చూపుచు కథ చెప్పును. పద్మశాలీలకు మార్కండేయుని కథను చెప్పువారు కూనపులివారు. మాదిగలకు జాంబపురాణమును చెప్పువారు డక్కలివారు. ముదిరాజులకు కాకిపడగలవారును, గౌడులకు గౌడజెట్టీలును కథకులు. ఒక్కొక్క కులమునకు తన పుట్టుకనుగూర్చిన కథ ఒకటి యుండగా, ఆ కథను చెప్పుటకు ఒక వంశమును, ఆ వంశమునకు పటము వ్రాసి యిచ్చుటకు నకాషీవారును ఉండిరి. ఈ గొలుసులో ఏ కొక్కెము తెగినను తక్కినవి నిలువవు.

పటము సిద్ధమగుటకు మొదట బట్టకు పూత పెట్టవలెను. బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి నేతబట్టకు పూయుదురు. అది ఆరిన పిమ్మట మరల పూయుదురు. ఇట్లు ముమ్మారు. ఒక పూత ఆరకముందే రెండవ పూత వేసినచో బట్ట చుట్టునప్పుడు పెళ్లలు పెళ్లలుగ రాలును. ఆ పిమ్మట ఉడుతతోక వెంట్రుకల కుంచెతో రేఖలు వ్రాసి, నేపథ్యమంతయు ఎఱ్ఱని రంగుతో నింపుదురు. దూరమునుండి చూచినను ఇది చేర్యాలదని తెలుపునది ఈ యెఱుపే. పూర్వము నలుపునకు దీపపు మసియు, తెలుపునకు శంఖపు పొడియు, నీలమునకు నీలిమందును వాడుచుండిరి. మనుష్యుల వయస్సు, కులవృత్తి, హోదా అన్నియు దుస్తులను, వంటి రంగును బట్టి చూపరులకు తెలిసిపోవును. చదువురాని సభకు అది తెరచిన పుస్తకము.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పటము ఊరూర తిరిగి, విప్పి చుట్టి విప్పి చుట్టి, కొంతకాలమునకు చిరిగిపోవును. అట్టి పాతపటమును కథకులు పారవేయక, మనిషికి చేసినట్లే కర్మ జరిపి నదిలో విడుచుచుండిరి. తరువాత నకాషీవారియొద్దకు వచ్చి క్రొత్తపటమును వ్రాయించుకొనెడివారు. పాతది పోవుటయు క్రొత్తది వచ్చుటయు ఏర్పాటుగ సాగుటచేతనే చిత్రకారునకు పని తప్పకుండెను. ఏ మ్యూజియమును లేకయే ఆ కళ అన్ని తరములు బ్రతికినదన్నచో దానిని బ్రతికించినది భద్రపరచుట కాదు, మరల మరల చేయించుటయే. హైదరాబాదునందలి జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల మ్యూజియమున ప్రాచీనమైన పటములు కొన్ని నిలిచియున్నవి. నదిపాలు గాకుండ వానిని కాపాడినందుకు మనము కృతజ్ఞులమే. కాని అట్టి పటములు నూరు గోడలకెక్కినను చేర్యాలలో ఒక్క కుంచెకు పని దొరకదు.

సినిమాలును, తరువాత టెలివిజనును వచ్చిన పిమ్మట కథకుని పిలుచువారు తగ్గిరి. కథకునకు పిలుపు లేనపుడు నకాషీవానికి పటము వ్రాయుమన్న మాటయు లేదు. నేడు వారి వస్తువులను కొనువారు పట్టణవాసులు. వీరి గోడలకు అరువది అడుగుల పటము పట్టదు గనుక అది జానెడు మూరెడు చిత్రమైనది. కొబ్బరిచిప్పపై వ్రాసిన ముఖములును, పొట్టును చింతగింజల ముద్దయు కలిపి చేసిన బొమ్మలును, తాళపుచెవులు తగిలించు పలకలును వచ్చినవి. ఇది పతనమని కొందరు విచారింతురు. మేము పూర్తిగ అట్లనలేము, పిల్లలకు అన్నము పెట్టుచున్న పలకను తక్కువచేయుట తగదు. అయితే ఎడ్లబండి, తాటిచెట్టు, బిందె నెత్తినిడుకొనిన స్త్రీ, ఈ మూడు నాలుగు చిత్రములనే అందరును కొనుచుండగా చిత్రకారుడు వానినే వ్రాయును. ఏబది గడులలో ఒక కథను నడిపించు విద్య, ఏ గడిలో ఎవరిని కూర్చుండబెట్టవలెనో ఎరిగిన తెలివి, అడుగువారు లేక మరపునకు వచ్చును. ఒక పాఠశాలయో, ఒక సంఘమో, నలుగురు కుటుంబములవారు చందాలు వేసికొనియో, పది పండ్రెండు అడుగుల పటమునందు ఒక కథను మొదటినుండి తుదివరకు వ్రాయించినచో, పది చిన్న చిత్రములను కొనినదానికంటె ఆ విద్యకు ఎక్కువ మేలు చేసినవారగుదురు.

ధరను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఎగ్జిబిషనులలో మేము తరచుగ చూచునదేమనగా, మిఠాయి దుకాణమునందును, చెప్పుల దుకాణమునందును అడిగిన ధర చెల్లించు గృహస్థు, చేతిపనివాని చాపయొద్దకు రాగానే సగమునకు బేరమాడును. అది అతనికి నేర్పరితనముగ తోచును. మేము విద్యార్థులకు చెప్పు లెక్క ఒకటి కలదు. ఈ వస్తువునకు ఎన్నిదినములు పట్టినదని చేసినవానిని అడుగుడు. ఆ సంఖ్యను మీ యూరి తాపీపనివాని దినకూలితో గుణింపుడు. సామగ్రి వెల కలుపుడు. వచ్చిన మొత్తముకంటె అతడు చెప్పిన ధర తక్కువగనే యుండుట మీరు అనేక పర్యాయములు చూతురు. అప్పుడు బేరమాడుటకు నోరు రాదు. గణితము ఆరవ తరగతిది, ఫలితము మాత్రము పెద్దలకును ఆశ్చర్యము గొలుపును.

చేసినవారికి ముట్టు సొమ్ము ఎంత స్వల్పమై పోగలదో తెలియవలెనన్నచో నరసాపురపు లేసును చూడవలెను. ఇది మిషను చరిత్రకు సంబంధించిన విషయము గనుక మన పత్రికలో ప్రస్తావించుట ఉచితమే. గోదావరి మండలమున 19వ శతాబ్దమునందు మిషనరీ దొరసానులు మన స్త్రీలకు కొక్కెపు సూదితో దారమును అల్లుట నేర్పిరి. పేదరాండ్రకు ఇల్లు కదలకుండ నాలుగు డబ్బులు వచ్చుటకు అది మార్గమయ్యెను. పిమ్మట వర్తకులు ప్రవేశించిరి. ఎగుమతి పెరిగినది. నరసాపురము చుట్టుపట్ల గ్రామములలో వేలకొలది స్త్రీలు ఈ పనిలో నున్నారు. ఏజెంటు దారమిచ్చును, స్త్రీలు పువ్వులల్లి యిత్తురు. ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగ చేయుట వేరొక యింటివారి పని, దానిని అతుకుపని యందురు. ఆ బల్లగుడ్డ తుదకు విదేశములలో ఏ భోజనపు బల్లపై పరచబడునో అల్లినవారికి తెలియదు, పరచుకొనినవారికి అల్లినవారెవరో తెలియదు. మారియా మీస్ అను జర్మను విదుషి ఈ గ్రామములలో తిరిగి పరిశీలించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. ఈ స్త్రీలు దినమునకు గంటలకొలది లేసు అల్లుచున్నను, వారు ఇల్లాండ్రే గాని పనివారు కారనియు, ఇది తీరికవేళల కాలక్షేపమనియు లోకము తలచుటచేత, వారి కూలి అతిస్వల్పమై నిలిచినదని ఆమె నిరూపించెను. పనిని కాలక్షేపమని పిలిచినంతమాత్రమున కన్నులు నొవ్వకుండునా? తరువాతి కాలమున యంత్రపు లేసు చౌకగ వచ్చి వీరిపై మరియొక దెబ్బ కొట్టినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆ గుర్తింపును గూర్చి సంగ్రహముగ చెప్పెదము. 1999లో చేసిన చట్టము 2003 సెప్టెంబరు 15వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఒక ప్రాంతమునకు చెందిన వస్తువు పేరును ఆ ప్రాంతము వెలుపలివారు వాడుకొనకుండ అది కాపాడును. చేర్యాల పటములకును, ఏటికొప్పాక బొమ్మలకును ఇట్టి గుర్తింపు కలదు. మంచిదే, కాని అది ఊరి పేరును కాపాడును గాని అల్లిన స్త్రీకి రావలసిన కూలిని నిర్ణయింపదు. బిరుదుల సంగతియు దాదాపు ఇంతే. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లోను, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావునకు 2020లోను పద్మశ్రీ లభించినది. తగినవారికి తగిన గౌరవము. ఆ వీధిలోని తక్కినవారికి రేపటి పని ఎవరివలన వచ్చుననునది మాత్రము కొనువారిమైన మనలను అడుగవలసిన ప్రశ్న.

కొనువాని కోరిక పనిని చెరుపనుగలదు, బాగుచేయనుగలదు. అనకాపల్లి జిల్లాలో వరాహానది యొడ్డున నున్న ఏటికొప్పాక ఇందుకు సాక్షి. అచ్చట అంకుడు కర్రను తిరుగుడుయంత్రమునకు బిగించి, ఉలితో ఆకారము తీర్చి, అది తిరుగుచుండగనే రంగు కలిపిన లక్కకడ్డీని దానికి అదిమిపట్టుదురు. రాపిడివేడికి లక్క కరగి కర్రను అంటుకొనును. తరువాత మొగలియాకుతో ఒత్తగా అద్దమువలె మెరయును. ఇందు కుంచెయు లేదు, నూనెరంగును లేదు. కొంతకాలము చౌకయైన రసాయనపు రంగులు ఆ గ్రామమునందు ప్రవేశించి పాతవానిని వెడలగొట్టినవి. బొమ్మను నోటబెట్టుకొను శిశువునకు అట్టి రంగులు మేలైనవి కావు. ఆ గ్రామవాసియైన చింతలపాటి వెంకటపతిరాజు పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు మొదలగువానినుండి తీసిన రంగులను మరల లక్కలో కలుపుటకు పాటుపడి, పనివారిచే వాడించెను. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఊరేగినవి ఈ బొమ్మలే. అయినను కొనువారు "ఇంకను ఎఱ్ఱగా, ఇంకను చౌకగా" అని అడిగినంతకాలము పాత డబ్బా రంగులు మరల రాకమానవు. ఇది ఏ రంగు, దేనినుండి తీసితిరని ఒక్క ప్రశ్న వేయు బాలుడు పనివానికి మంచి రంగును వాడుటకు కారణము కల్పించుచున్నాడు. అంకుడు చెట్టు దుర్లభమగుచుండుట మరియొక చిక్కు. కర్ర దొరకనిచో ఉలి యుండియు ప్రయోజనము లేదు గనుక ఆ చెట్టును పెంచుటయు కళాపోషణమే యగును.

మోసపు సరకును గుర్తించుట సేకరణము చేయువాడు నేర్వవలసిన మొదటి పాఠము. కలంకారీ అను పేరుతో నేడు దుకాణములలో అమ్మబడు బట్టలలో అనేకములు మిల్లులో అచ్చువేసినవి. శ్రీకాళహస్తి పనిలో బట్టను పాలలోను కరక్కాయ నీటిలోను తడిపి, ఇనుపముక్కలను బెల్లపునీట నానబెట్టి తీసిన నల్లరంగుతో వెదురుకలమున గీతలు గీయుదురు. పటికపూత, ఉతుకుట, ఎండబెట్టుట, మరల రంగు, మరల ఉతుకుట, ఇట్లు వారములు గడచును. మచిలీపట్టణముదగ్గరి పెడనలో కలమునకు బదులు చెక్కిన కర్రయచ్చులు వాడుదురు, అదియు చేతిపనియే. చూడవలసిన గురుతు లేవనగా, చేతిగీత ఒకచోట లావుగ ఒకచోట సన్నముగ పోవును. రెండు పూవులు ఒక్కతీరున ఉండవు. బట్టను తిరుగవేసినచో రంగు వెనుకకును దిగియుండును. యంత్రపు అచ్చులో వెనుకవైపు వెలవెలబోయి, పూవుకు పూవు అణుమాత్రమును భేదింపదు. ధర అత్యల్పమైనచో గురుతులు వెదకనే అక్కరలేదు. మిల్లుబట్టను మిల్లుబట్టయని అమ్మువానియందు మాకు విరోధము లేదు, కలము పట్టినవాని పేరు చెప్పి అమ్ముటయే దోషము.

ఇక సేకరణమును ప్రారంభింప గోరు బాలబాలికలకు కొన్ని సూచనలు. పెద్ద వస్తువుతో ఆరంభింపనక్కరలేదు. లక్కబొంగరము ఒకటి చాలును. కొనిన దినమే ఒక అట్టముక్కపై చేసినవారి పేరు, ఊరు, తేది, వాడిన కర్ర లేక బట్ట, రంగులు, ఎన్నిదినములు పట్టినది, ఎంత యిచ్చితిరి, పని నేర్పినదెవరు అను సంగతులను వ్రాసి వస్తువుతో కట్టి యుంచుడు. పెద్దవారిని "తాతగారూ, అమ్మమ్మగారూ" అని గౌరవముగ పలుకరించి అడిగినచో వారు సంతోషముగ చెప్పుదురు. ఫోనులో వారి ఫొటో తీయదలచినచో ముందు అనుమతి వేడవలెను. లేసువంటి పదిచేతుల పనికి ఒక్క పేరు దొరకనపుడు ఆ యూరి పేరును, పువ్వులల్లినవారెవరో, అతికినవారెవరో తెలిసినంతవరకును వ్రాయుడు. ఈ అట్టముక్క లేనిచో ఏబది యేండ్లకు మీ మనుమలు ఆ వస్తువును చూచి, మనము బీదరు హుక్కాను చూచి అడిగిన ప్రశ్నలనే అడుగుదురు.

వస్తువును చేయించునపుడు కొంత సొమ్ము ముందుగ నిచ్చి, గడువును పనివానినే చెప్పనిండు. కర్ర ఆరవలెను, పూత ఎండవలెను, వానకాలమున ఏదియు త్వరగా కాదు. సంక్రాంతి బొమ్మలకొలువునకు కావలసినదానిని ధనుర్మాసమున అడిగినచో దొరకునది హడావుడి పనియే. వీధిలోనివారందరును కొనుచున్నదానినే కోరక, "మీకు ఇష్టమైనదేదో చేసి చూపుడు" అని ఒకమారు అనిచూడుడు. ఆ మాట వినక యేండ్లు గడచినవారు కలరు.

దాచుటయందును శ్రద్ధ వలయును. చేర్యాల పటములోని గంజియు చింతగింజల అంబలియు పురుగులకు విందుభోజనము. తేమ తగులని చోట, ఎండ పడని గోడకు, వెనుక గాలి యాడునట్లు వ్రేలాడదీయవలెను. దీర్ఘకాలము చుట్టియుంచునపుడు ప్లాస్టికు సంచిలో బిగించరాదు, నూలుబట్టలో చుట్టి ఎండిన వేపాకు పెట్టవలెను. మడతపెట్టిన పటము మడతమీదనే పగులును. లక్కబొమ్మలను వేడికిని ఎండకును దూరముగ నుంచి పొడిబట్టతో తుడువవలెను. లేసును మాత్రము బీరువాలో బంధింపక వాడుటయే మేలు, అల్లినామె దానిని వాడుటకొరకే అల్లెను. దెబ్బతగిలిన వస్తువును ఇంట జిగురువేసి అతుకక చేసినవారికే పంపినచో బాగుచేసి యిత్తురు. వారికి ఆ దినము పనియు దొరకును.

చేతిలో డబ్బులేని విద్యార్థి ఏమి చేయగలడని అడుగవచ్చును. తన యూరిలోనే చేతిపనివారెందరున్నారో లెక్కించి పేర్లు వ్రాసి తేవచ్చును. కుమ్మరి, మేదరి, నేతపని, కంచరిపని, ఏదియు తక్కువ కాదు. ఆ జాబితాను మా పాఠశాల గ్రంథాలయమునందు ఉంచుటకు మేము సిద్ధముగ నున్నాము. పాఠశాలవారు పనివానిని తరగతికి పిలిచినపుడు రానుపోను ఖర్చులును, ఆ దినపు కూలియు, భోజనమును ఇచ్చుట న్యాయము. పిల్లలకు చూపుట పుణ్యమని చెప్పి ఉచితముగ రప్పించుట తగదు. ఉపాధ్యాయులమైన మేమును ఉచితముగ పాఠము చెప్పుట లేదు గదా!

వేసవి సెలవులలో స్వయముగ పోయి చూడగోరువారికి దారి చెప్పెదము. చేర్యాల హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున నున్నది, జనగామ స్టేషనులో రైలు దిగి సిద్దిపేటకు పోవు బస్సు ఎక్కవలెను. ఏటికొప్పాకకు పోవువారు ఎలమంచిలికి చేరి, అక్కడినుండి ఆటోలో పోవచ్చును. ఉదయముననే చేరుట మేలు. లక్కకడ్డీ కర్రకు తగిలి కరుగుచు రంగు పట్టుటను కన్నులార చూచిన పిల్లలు బొమ్మల యెదుటినుండి ఒకంతట కదలరు గనుక, తిరుగుబస్సు వేళను ముందే కనుగొని యుంచుకొనుట మంచిది.